తొట్లకొండ, బావికొండ, మన బిందెలు

విశాఖపట్నంలో కాపురం ఉండేవాళ్ళు ఊరు చూడాలంటే ఇంటికి చుట్టాలు రావాలి. హైదరాబాదు నుంచి ఆడపడుచు దిగితేనో, కాకినాడ నుంచి పిన్నిగారు మనవల్ని వెంటబెట్టుకుని వస్తేనో గాని మనకి కైలాసగిరి గుర్తుకు రాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా? అజంతా, ఎల్లోరా చూసొచ్చి నాలుగు నెలలపాటు ఫొటోలు చూపించిన వాళ్ళని నేనెరుగుదును. ఇంటికి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న తొట్లకొండ ఎక్కారా అని అడిగితే మాత్రం, "అదేదో సినిమా షూటింగుల చోటు కదూ?" అంటారు.

అందుకని ఈసారి చుట్టాల కోసం ఎదురుచూడకుండా మనమే వెళ్దాం. ఎంతో దూరం కాదు. పొద్దుట కాఫీ తాగి బయల్దేరితే సాయంత్రం దీపాలవేళకి ఇల్లు చేరిపోవచ్చు. విశాఖ నుంచి భీమిలికి సముద్రం ఒడ్డునే పోయే రోడ్డుంది చూశారూ, పాతిక కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. కుడిచేతి వైపంతా సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. సముద్రాన్ని అందరూ చూస్తారు. నేను చెప్పబోయేది ఎడమచేతి వైపు సంగతి.

ముందు ఆ కొండల పేర్లు వినండి. ఒకటి తొట్లకొండ. దానికి కాస్త లోపలగా ఇంకొకటి బావికొండ. మామూలుగా మన దేశంలో కొండ అనగానే దాని మీద ఒక దేవుడుంటాడు, ఆయన పేరే కొండకీ ఉంటుంది. లేకపోతే ఏ రాజో కోట కట్టి తన పేరు పెట్టుకుంటాడు. ఇక్కడ అవేవీ కావు. తొట్టి, బావి! మన దొడ్లో మాటలు. బట్టలుతికే చోట, అంట్లు తోమే చోట పలికే మాటలు. కొండకి ఈ పేరెలా వచ్చిందా అని నాకు చాలాకాలం కుతూహలంగా ఉండేది.

అసలు కథ రెండువేల ఏళ్ళ కిందటిది. క్రీస్తుకి పూర్వం రెండు, మూడు శతాబ్దాల నుంచి ఈ కొండల మీద బౌద్ధ భిక్షువులు ఉండేవారు. బౌద్ధ భిక్షువంటే ఒకచోట ఉండేవాడు కాదు, ఊరూరా తిరిగి భిక్ష ఎత్తుకునేవాడు. కాని వానాకాలం మూడు నెలలూ ఎక్కడికీ కదలకుండా ఒకచోటే ఉండాలని వాళ్ళ నియమం. మన స్వాములవార్లు చాతుర్మాస్యం పడతారే, అటువంటిదే అనుకోండి. అలా ఉండడానికి కట్టుకున్నవే మొదట్లో ఈ విహారాలు. పోనుపోను ఏడాది పొడుగునా ఉండే చోట్లయ్యాయి.

మరి ఈ కొండలే ఎందుకు? పైకెక్కి సముద్రం వైపు తిరిగితే జవాబు కనిపిస్తుంది. ఆ రోజుల్లో కళింగ తీరం నుంచి ఓడలు వర్తకానికి పోయేవి, వచ్చేవి. తొట్లకొండ తవ్వకాల్లో తొమ్మిది శాతవాహన నాణేలు దొరికాయి, వాటితోపాటు రోమ్ దేశపు వెండి నాణేలు ఐదు. రోమన్ నాణెం భీమిలి దారిలో కొండ మీదికి తనంత తాను నడిచి రాదుగదా! వర్తకులు వచ్చేవారు, దానాలు చేసేవారు. ఊరికి మరీ దగ్గరైతే సందడి, మరీ దూరమైతే భిక్ష దొరకదు. ఆ రెండింటికీ మధ్యన గాలి వీచే కొండ చూసుకున్నారు. ఇల్లు అద్దెకి వెతికేటప్పుడు మనం చూసుకునే లెక్కలే ఇవీను.

ఇల్లు చూసేటప్పుడు మనం అడిగే మొట్టమొదటి ప్రశ్న ఇంకొకటుంది. నీళ్ళున్నాయా?

కొండ మీద నీళ్ళెక్కడివండీ. సముద్రం ఎదురుగా ఎంత ఉన్నా గొంతులో పోసుకోవడానికి ఒక్క చుక్క పనికిరాదు. కాబట్టి వాళ్ళు కొండరాతినే తొలిచారు. వాన పడ్డప్పుడు నీళ్ళు జారి వచ్చే చోట్లు కనిపెట్టి, అక్కడ బండలో చతురంగా, లోతుగా తొట్లు చెక్కారు. తొట్లకొండ మీద ఇటువంటివి పదికి పైనే ఉన్నాయి. నేను మొదటిసారి వాటి అంచున నిలబడి తొంగిచూసినప్పుడు స్తూపం చూసినప్పటికంటే ఎక్కువ ఆశ్చర్యం వేసింది. స్తూపం భక్తితో కడతారు. తొట్టి మాత్రం వేసవిలో ఏం చేస్తామని ఆలోచించినవాడే చెక్కుతాడు. అప్పుడు సిమెంటు లేదు, ట్యాంకరు లేదు, మోటారు లేదు. ఉలీ సుత్తీ ఉన్నాయి. ఒక్కొక్క తొట్టికి ఎన్నాళ్ళు పట్టిందో, ఎంతమంది చేతులు బొబ్బలెక్కాయో.

విశాఖలో బిందెలు వరసలో పెట్టి కుళాయి కోసం కాచుకున్న తరం మాది. పాత ఇళ్ళలో ఇత్తడి గంగాళాలు, సిమెంటు తొట్లు, గాబులు, ఆఖరికి స్నానాల గదిలో మూలనున్న బకెట్టు వరకూ అన్నీ నింపుకుంటేనే రాత్రి నిద్రపట్టేది. ఆ అలవాటు ఇంకా పోలేదు, ఇరవైనాలుగ్గంటలూ నీళ్ళొచ్చే ఫ్లాటులో కూడా మా అత్తగారు రెండు బిందెలు నింపి మూతపెడతారు. ఆవిణ్ణి తొట్లకొండ తీసుకెళితే స్తూపానికి ఒక నమస్కారం పెట్టి, నేరుగా తొట్ల దగ్గరికి వెళ్ళి, "ఇల్లు తెలిసినవాళ్ళు కట్టారే!" అన్నారు. పురావస్తు శాఖవారి బోర్డు మీద కూడా ఇంత మంచి మాట లేదు.

తొట్లకొండ మీద మనబోటివాళ్ళు తప్పక చూడవలసింది ఇంకొకటుంది. అది వంటశాల, దాని పక్కనే భోజనశాల. స్తూపం, చైత్యగృహం, భిక్షువులుండే గదులు, ఇవన్నీ పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో రాస్తారు. గదులైతే డెబ్బై పైచిలుకు. ఒక్కొక్కటీ చూస్తే మన స్టోర్‌రూమంత ఉంటుంది, కాళ్ళు చాపుకుని పడుకుంటే అంతే. కాని ఆ గదులన్నిట్లో ఉన్నవాళ్ళకి వండి వార్చిన చోటు ఒకటుందని, అక్కడి నుంచి మురుగునీళ్ళు పోవడానికి రాతి కాలవలు ఉన్నాయని చూసినప్పుడు చరిత్ర ఒక్కసారిగా మన వీధిలోకి వచ్చినట్టుంటుంది. కాలవ వాలుగా ఉంది, నీళ్ళు నిలవవు. మా ఎదురింటి అపార్టుమెంటు కట్టిన మేస్త్రీకి ఇది చూపించాలని మావారు అన్నారు.

మూడో శతాబ్దం తర్వాత మెల్లమెల్లగా ఇవన్నీ సద్దుమణిగాయి. ఓడల వర్తకం తగ్గింది, దానాలు తగ్గాయి, బౌద్ధమూ వెనకబడింది. భిక్షువులు వెళ్ళిపోయారు. గోడలు కూలాయి, ఇటుకల మీద మట్టి, మట్టి మీద తుప్పలు. వందల ఏళ్ళు గడిచేసరికి అక్కడ బౌద్ధులుండేవారన్న మాటే జనం నోట్లోంచి పోయింది. మళ్ళీ అది ఎలా బయటపడిందో తెలుసా? 1976లో నౌకాదళం వారు స్థావరం కోసమని విమానంలోంచి ఈ ప్రాంతాన్ని సర్వే చేశారు. అప్పుడు కొండ మీద ఏవో కట్టడాల ఆనవాళ్ళు కనబడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖవారు తవ్వారు. బావికొండనైతే అంతకు ముందే, 1982 నుంచి 1987 దాకా తవ్వారు. అక్కడ ఒక మట్టి పాత్రలో చిన్న ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుడి ధాతువేనని నమ్ముతారు.

అంటే పండితులకి ఈ కొండలు తెలిసి యాభై ఏళ్ళయింది. కింద పల్లెల్లో వాళ్ళకి అంతకు ముందే తెలుసు. కాకపోతే వాళ్ళకి తెలిసింది వేరు. కొండ దిగువన ముంజెలమ్ముకునే ఒక ముసలమ్మని, "ఇక్కడ బౌద్ధులుండేవారట కదా, మీ పెద్దవాళ్ళేమైనా చెప్పేవారా?" అని అడిగాను. ఆవిడ నా వంక జాలిగా చూసి, "బౌద్దులో ఎవులో మాకేటి తెలుసమ్మా. తొట్లున్నాయి, మేకలు నీలు తాగీవి. అందుకే తొట్లకొండ" అంది.

ఆ జవాబు నాకు చాలా నచ్చింది. రాజుల పేర్లు మరిచిపోయారు, బుద్ధుణ్ణి మరిచిపోయారు, స్తూపం ఒక మట్టిదిబ్బ అనుకున్నారు. నీళ్ళు నిలిచే చోటు మాత్రం మరిచిపోలేదు. ఎర్రటి ఎండలో మేకల్ని తోలుకొచ్చిన పిల్లకి దాహం తీర్చింది అదే మరి. పేరు నిలిచిందంటే దానివల్లే నిలిచింది. బావికొండ సంగతీ అంతే, వాననీళ్ళు పట్టడానికి చేసుకున్న బావులే దానికి పేరిచ్చాయి. భీమిలి దగ్గర మూడో కొండ ఉంది, పావురాళ్ళకొండ. నరసింహస్వామి కొండ అని కూడా అంటారు. అక్కడా రాతిలో తొలిచిన తొట్లు పదహారున్నాయి. ఆ కొండకి పావురాల పేరెలా వచ్చిందంటారా, ఆ పక్షులూ నీళ్ళకే చేరి ఉంటాయని నా ఊహ. ఊహే సుమండీ, ఎక్కడా రాసి లేదు.

2019 అక్టోబరులో గట్టి వానలు పట్టాయి. తొట్లకొండ మీద మనకాలంలో తిరిగి కట్టిన మహాస్తూపం ఆ వానకి కూలింది. రెండువేల వానాకాలాలు చూసిన తొట్లు మాత్రం చెక్కుచెదరలేదు, ఎప్పటిలాగే నిండాయి. దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదనుకుంటాను.

వెళ్ళే విధానం చెప్పలేదు కదూ. తొట్లకొండ పైదాకా కారు, ఆటో వెళతాయి. బీచి రోడ్డు మీద భీమిలికి ఆర్టీసీ బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15న మొదలైన పథకంతో మన ఆడవాళ్ళకి అందులో టికెట్టు లేదు, ఆధార్ కార్డు పర్సులో ఉంటే చాలు. అయితే బస్సులో వెళితే కొండ కింద దిగి పైకి నడవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆటో మాట్లాడుకోవడం మంచిది. ఎండాకాలం వెళ్ళకండి, నీడ తక్కువ. కార్తీకమాసం దగ్గర్నుంచి మాఘం దాకా హాయిగా ఉంటుంది. తినడానికి పులిహోర, దద్దోజనం లాంటివి కట్టుకోండి, కాని కొండ మీద పొయ్యి పెట్టి వనభోజనాలు మాత్రం వద్దు. ఆ ఇటుకలు చూస్తే పొయ్యికి బావుండేట్టే ఉంటాయి, అదే భయం! అన్నట్టు, మంచినీళ్ళ సీసాలు మరిచిపోవద్దు. తొట్లకొండకి నీళ్ళు మోసుకెళ్ళడం ఏమిటని నేను ప్రతిసారీ నవ్వుకుంటూనే మోస్తుంటాను.

తొట్లకొండ దిగి రోడ్డు దాటితే మంగమారిపేట. అక్కడ సముద్రం తొలిచిన రాతి తోరణం ఒకటుంది, పిల్లలకి నచ్చుతుంది. ఆటు ఉన్నప్పుడు చూడాలి, పోటులో దగ్గరికి వెళ్ళకూడదు. ఇంకాస్త ముందుకి పోతే ఎర్రమట్టి దిబ్బలు.

వీటిని సినిమాల్లో చూడనివాళ్ళుండరు. హీరో గుర్రమెక్కి వచ్చినా, హీరోయిన్ పైట ఎగరేసుకుంటూ పరుగెత్తినా ఇక్కడే. కాని ఇది నాయికా నాయకుల కంటే చాలా పాతది. వేలు, పదులవేల ఏళ్ళ కిందట భూమంతా చల్లబడి మంచు పేరుకున్న కాలంలో సముద్రం వెనక్కి తగ్గింది. బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి ఒడ్డున పోసింది. ఆ ఇసుకలో ఇనుముంది. ఇనప మూకుడు తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి మచ్చలు పడతాయి చూడండి, అదే పని ఇక్కడ వేల ఏళ్ళు జరిగింది. తర్వాత వాన వచ్చి ఆ దిబ్బల్ని కోసి, లోయలు, గోడలు, సందులు చేసింది. తీరం పొడుగునా అయిదు కిలోమీటర్ల వరకు ఉంటాయి. ఇటువంటి ఎర్ర ఇసుక తమిళనాడులో కొన్నిచోట్ల, శ్రీలంకలో ఉంది. అంతే.

దిబ్బల మీద పడ్డ వాన ఇసుకలోకి ఇంకిపోతుంది. కిందికి దిగి సన్నని గెడ్డలుగా ఊరుతుంది. ఇది కూడా ఒక తొట్టే అన్నమాట, కాకపోతే ఎవరూ చెక్కలేదు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. గొప్ప గౌరవమే, సందేహం లేదు. కాని ఈ రెంటికీ మధ్యన, 2024లో, దిబ్బల్ని ఆనుకుని యంత్రాలతో నేల చదును చేస్తున్నారని ఊరంతా గగ్గోలు పెట్టవలసి వచ్చింది. ఒక దిబ్బని గాలి పోయడానికి పట్టిన కాలం ఎంతో చెప్పాను. యంత్రం తీసెయ్యడానికి ఒక వారం చాలు. ఇళ్ళ స్థలాలు కావాలి, కాదనను, మనం కూడా ఎక్కడో ఒకచోట చదును చేసిన నేల మీదే ఉంటున్నాం. అయినా ఇదొక్కటీ వదిలేస్తే మన ఇళ్ళకేం తక్కువవుతుంది? పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు గోడలెక్కి దూకనివ్వకండి, పేర్లు చెక్కనివ్వకండి. మెత్తటి ఇసుక, ఒకసారి విరిగితే మళ్ళీ అంటుకోదు.

మధ్యాహ్నం దాటేసరికి భీమిలి చేరతారు. ఎంత ప్రశాంతమైన ఊరో! 1861లోనే మునిసిపాలిటీ అయ్యింది, దేశంలో రెండోదని చెబుతారు. ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు, మన పెద్దవాళ్ళ మాటల్లో ఒలందావాళ్ళు, ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. వాళ్ళకి కావలసింది మన నేతగాళ్ళ బట్టలు. 1825లో ఒప్పందం ప్రకారం ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికిచ్చి వెళ్ళిపోయారు. వెళ్ళలేకపోయినవాళ్ళు సముద్రం దగ్గర శ్మశానంలో ఉన్నారు. సమాధులు కొన్ని కోసుగా, పిరమిడ్ల మాదిరిగా ఉంటాయి. వాటి మీది అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. ఎవరి కొడుకో, ఎవరి భర్తో, ఓడెక్కి ఆరు నెలలు ప్రయాణం చేసి వచ్చి ఇక్కడ పోయాడు. ఆ తల్లికి ఆ కబురు ఎన్నాళ్ళకి అందిందో అనిపిస్తుంది. నేనక్కడ ఎక్కువసేపు ఉండలేను.

భీమిలిలో నాకు ఇష్టమైన చోటు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. బొర్రా గుహల పేరు వినే ఉంటారు, అరకు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. ఆ గుహల్ని తొలిచిన నది ఇదే. అనంతగిరి కొండల్లో పుట్టి, సున్నపురాతిని కరిగించి గుహలు చేసి, కిందికి దిగి, తాటిపూడి దగ్గర జలాశయంలో ఆగి, చివరికి ఇక్కడికి వస్తుంది. తాటిపూడి ప్రాజెక్టు 1960లలో కట్టారు. విశాఖపట్నానికి వచ్చే మంచినీళ్ళలో కొంత అక్కడిదే. అంటే భీమిలి ఇసుకలో కాళ్ళు తడుపుకుంటున్న ఈ నీటికి అక్క, మన వంటింటి కుళాయిలోకి ముందే వెళ్ళిందన్నమాట. ఈ సంగతి చెప్పగానే మా అమ్మాయి, "అయితే బొర్రా గుహల నీళ్ళతోనా మనం పప్పు ఉడికిస్తున్నాం?" అంది. ఉడికిస్తున్నాం మరి. భిక్షువులకి కొండ మీది వాన కనబడేది, తొట్టిలో ఎంత ఉందో తొంగిచూస్తే తెలిసేది. మనకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా తెలియదు, కుళాయి తిప్పితే వస్తాయంతే.

ఒక్క రోజులో ఇవన్నీ చూడ్డం కుదరదనుకుంటే తొట్లకొండా ఎర్రమట్టి దిబ్బలూ ఒక ఆదివారం, బావికొండా భీమిలీ ఇంకో ఆదివారం పెట్టుకోండి. మూడో ఆదివారం మిగిలితే దారి మార్చి అనకాపల్లి వైపు వెళ్ళండి. అక్కడ శంకరం అనే ఊరుంది. శివుడి పేరనుకుంటాం, అది సంఘారామం. బౌద్ధుల ఆరామం పేరు నోళ్ళలో అరిగి అరిగి శంకరమైంది. ఆ పక్కన బొజ్జన్నకొండ, దానికి ఆనుకుని లింగాలకొండ. లింగాలకొండ మీద ఉన్నవి లింగాలు కావు, రాతిలో వరసలు వరసలుగా చెక్కిన చిన్న చిన్న స్తూపాలు. ఊళ్ళోవాళ్ళకి అవి లింగాల్లా కనబడ్డాయి, దణ్ణం పెట్టుకున్నారు. పేరు మారింది గాని దణ్ణం దక్కింది. అలెగ్జాండర్ రీ అనే పురావస్తు శాఖ అధికారి 1907, 1908 ప్రాంతంలో అక్కడ తవ్వించాడు.

మా అత్తగారు మాత్రం ఈసారి అక్కడికే వెళ్దామంటున్నారు. శంకరం చూసినట్టూ ఉంటుంది, వచ్చేటప్పుడు అనకాపల్లిలో కొత్త బెల్లం నాలుగు దిమ్మలు తెచ్చుకున్నట్టూ ఉంటుందిట.